హోమ్ రన్ వెనక సిరంజి

2005 మార్చి 17. వాషింగ్టన్‌లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ గది కిక్కిరిసిపోయింది. పొడవాటి బల్ల వెనక వరసగా బేస్‌బాల్ హీరోలు. ఎప్పుడూ టోపీ, జెర్సీల్లో కనిపించేవాళ్లు ఆరోజు సూట్లు వేసుకుని సాక్షుల కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్లలో బాల్టిమోర్ ఓరియోల్స్ ఆటగాడు రఫాయెల్ పామైరో ఒకడు. తన వంతు రాగానే కమిటీ సభ్యుల వైపు చూపుడువేలు గురిపెట్టి, తాను ఎన్నడూ స్టెరాయిడ్లు ముట్టలేదని తేల్చి చెప్పేశాడు. అమెరికా అంతా టీవీల్లో చూసింది. ఆ వేలిని చూసి చాలామంది నమ్మారు కూడా.

సరిగ్గా నాలుగున్నర నెలలు గడిచాయి. ఆగస్టు 1న అదే పామైరో మీద వేటు పడింది. మూత్రపరీక్షలో బయటపడింది స్టానొజొలాల్. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో బెన్ జాన్సన్ పతకాన్ని ఊడగొట్టిన మందే అది. అంతకు రెండువారాల ముందే పామైరో 3,000వ హిట్ కొట్టి దిగ్గజాల సరసన చేరాడు. తెలిసి వాడలేదని, తోటి ఆటగాడు ఇచ్చిన విటమిన్ ఇంజెక్షన్‌లోనే ఏదో ఉండి ఉంటుందని అన్నాడు. వినేవాళ్లు లేకపోయారు. ఆ సీజన్ తర్వాత అతను మళ్లీ మేజర్ లీగ్ మైదానంలోకి దిగలేదు.

ఇంతకీ అతనికి పడిన శిక్ష ఎంతో తెలుసా? పది రోజులు! ఈ రోజుల్లో అదే తప్పుకి 80 మ్యాచ్‌ల నిషేధం. రెండోసారైతే ఏడాదంతా ఇంట్లోనే. మూడోసారైతే ఆటకే దూరం. పది రోజులు ఇంతగా పెరగడానికి కారణం సైన్సేమీ కాదు. స్టెరాయిడ్‌ని పట్టుకునే పరీక్షలు ఒలింపిక్స్‌లో ఎప్పట్నుంచో ఉన్నాయి. బేస్‌బాల్‌లో లేనిదల్లా పట్టుకోవాలన్న కోరిక. ఆ కోరిక ఎప్పుడు పుట్టింది, ఎవరిలో పుట్టింది అన్నదే అసలు కథ.

ఏడాదికి 162 మ్యాచ్‌లు

ముందు ఆట గురించి రెండు ముక్కలు. మన క్రికెట్‌లో సిక్సర్ ఎలాగో బేస్‌బాల్‌లో హోమ్ రన్ అలాగ. పిచర్ విసిరిన బంతిని బ్యాటర్ గుండ్రటి బ్యాట్‌తో బాదితే కంచె దాటి జనంలో పడాలి. అమెరికాలో ఈ ఆటకు పైమెట్టు మేజర్ లీగ్. మొత్తం 30 జట్లు. ఒక్కో జట్టూ ఆర్నెల్లలో 162 మ్యాచ్‌లు ఆడుతుంది. అంటే దాదాపు రోజూ ఆటే. అందుకే ఇక్కడ శిక్షను ఏళ్లలో కాకుండా మ్యాచ్‌ల్లో లెక్కేస్తారు. 80 అంటే సగం సీజన్, 162 అంటే పూర్తి సీజన్. ఆ మ్యాచ్‌లకు జీతమూ రాదు.

ఇక మందు సంగతి. ఆస్తమాకో కీళ్లవాతానికో డాక్టర్లు రాసే స్టెరాయిడ్లు వేరు, ఇవి వేరు. ఆటగాళ్లు వాడేవి అనబాలిక్ స్టెరాయిడ్లు. పురుష హార్మోన్ టెస్టోస్టెరాన్‌కు ప్రయోగశాలలో పుట్టిన చుట్టాలన్నమాట. కండ పెంచుతాయి. అంతకంటే ముఖ్యంగా అలిసిన కండను త్వరగా మళ్లీ సిద్ధం చేస్తాయి. ఆర్నెల్లపాటు రోజూ ఆడాల్సినవాడికి అంతకుమించిన వరం ఏముంటుంది? స్టెరాయిడ్ బంతిని కొట్టడం నేర్పదు. కానీ కొట్టడం వచ్చినవాడి చేతిలో, కంచె దగ్గర పడాల్సిన బంతి కంచె దాటుతుంది.

దానికి శరీరం కట్టే మూల్యం చిన్నది కాదు. మంచి కొలెస్టరాల్ తగ్గుతుంది, గుండె గోడలు మందమవుతాయి, కాలేయం దెబ్బతింటుంది. బయటి నుంచి హార్మోన్ వస్తోంది కదా అని శరీరం సొంతంగా తయారుచేయడం మానేస్తుంది. వృషణాలు కుంచించుకుపోతాయి. మందు ఆపగానే మనసు కుంగిపోతుంది. ఎదిగే వయసు పిల్లలు వాడితే ఎముకల పెరుగుదల ముందే ఆగిపోవచ్చు.

సీసా కనిపించినా...

1994 ఆగస్టులో బేస్‌బాల్ ఆటగాళ్లు సమ్మెకు దిగారు. జీతాల మీద యజమానులతో తగవు. అది ఎంత ముదిరిందంటే ఆ ఏడాది వరల్డ్ సిరీసే రద్దయింది. 1904 తర్వాత అలా జరగడం అదే మొదలు. కోటీశ్వరుల గొడవలో మాకేం పని అనుకున్నారు జనం. మరుసటి ఏడాది స్టేడియాలకు వచ్చేవాళ్లు సుమారు 20 శాతం తగ్గిపోయారు.

అలిగిన జనాన్ని వెనక్కి తెచ్చింది 1998 వేసవి. ఒక సీజన్‌లో 61 హోమ్ రన్‌లన్నది 1961 నుంచి చెక్కుచెదరని రికార్డు. దాన్ని అందుకోవడానికి సెయింట్ లూయిస్ కార్డినల్స్ వీరుడు మార్క్ మెక్‌గ్వయర్, షికాగో కబ్స్ ఆటగాడు సామీ సోసా పోటీపడ్డారు. చివరికి మెక్‌గ్వయర్ 70, సోసా 66. టికెట్లు దొరకలేదు. తండ్రులు పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వచ్చారు.

ఆ సంబరం మధ్యలోనే, ఆగస్టులో అసోసియేటెడ్ ప్రెస్ విలేఖరి స్టీవ్ విల్‌స్టీన్ కంట ఓ చిన్న సీసా పడింది. మెక్‌గ్వయర్ లాకర్ పైఅరలో, అందరికీ కనిపించేలా ఉంది. ఆండ్రోస్టెన్‌డయోన్. శరీరంలోకి వెళ్లాక టెస్టోస్టెరాన్‌గా మారే పదార్థం. ఒలింపిక్స్‌లోనూ అమెరికన్ ఫుట్‌బాల్‌లోనూ అప్పటికే నిషిద్ధం. బేస్‌బాల్‌లో మాత్రం కాదు. బజార్లో ఎవరైనా కొనుక్కోవచ్చు.

వార్త రాగానే ఏం జరగాలి? విచారణ జరగాలి. జరిగింది మాత్రం విలేఖరి మీద విరుచుకుపడటం! ఒకరి లాకర్‌లోకి తొంగిచూస్తావా అని తిట్టారు. ఆ వార్తాసంస్థను డ్రెస్సింగ్ రూమ్‌లోకి రానివ్వొద్దన్నాడు జట్టు మేనేజర్. హీరో వాడుతున్నాడని తెలిసి దుకాణాల్లో ఆ సీసాలకు గిరాకీ పెరిగింది. ఆరోజు ఏ తప్పూ చేయలేదన్న మెక్‌గ్వయర్, 1998లో తాను స్టెరాయిడ్లు కూడా వాడానని ఒప్పుకున్నది పన్నెండేళ్ల తర్వాత, 2010 జనవరిలో.

నిజానికి కాగితం మీద నిషేధం అప్పటికే ఉంది. అప్పటి కమిషనర్ ఫే విన్సెంట్ 1991లోనే స్టెరాయిడ్లు కూడదంటూ జట్లకు లేఖ రాశాడు. కానీ పరీక్షే లేదు. పరీక్ష పెట్టాలంటే ఆటగాళ్ల సంఘం ఒప్పుకోవాలి. అనుమానం లేకుండా మనిషి మూత్రాన్ని పరీక్షించడం వ్యక్తిగత గోప్యతకు భంగమన్నది సంఘం వాదన. యజమానులకు గేటు దగ్గర డబ్బు గలగలలాడుతోంది. వాళ్లూ గట్టిగా పట్టుబట్టలేదు. 2001లో పరీక్షలు మొదలైంది కింది మెట్టయిన మైనర్ లీగ్‌లో. అక్కడి కుర్రాళ్లకు సంఘం లేదు మరి! అదే ఏడాది పైమెట్టు మీద శాన్‌ఫ్రాన్సిస్కో ఆటగాడు బారీ బాండ్స్ 73 హోమ్ రన్‌లు కొట్టి మెక్‌గ్వయర్ రికార్డును చెరిపేశాడు.

ఐదు శాతం పందెం

మొదట నోరు విప్పింది కెన్ కామినిటి. 1996లో నేషనల్ లీగ్ అత్యుత్తమ ఆటగాడు. ఆ ఏడాది స్టెరాయిడ్లు వాడే ఆడానని 2002లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రికకు చెప్పేశాడు. చాలామంది వాడుతున్నారనీ అన్నాడు. రెండేళ్ల తర్వాత, 41 ఏళ్ల వయసులో మాదకద్రవ్యాలు మోతాదు మించి చనిపోయాడు.

కామినిటి మాటలతో దుమారం రేగి, 2002 ఆగస్టులో ఓ విచిత్రమైన ఒప్పందం కుదిరింది. 2003లో అందరికీ పరీక్షలు చేస్తారు. పేర్లు బయటికి రావు, శిక్షలుండవు. ఐదు శాతం కంటే ఎక్కువ మంది దొరికితేనే మరుసటి ఏడాది నుంచి అసలు పరీక్షలు, శిక్షలు!

ఇక్కడే ఎవరూ ఊహించని సంఘటన జరిగింది. పరీక్షకు నిరాకరిస్తే దొరికినట్టే లెక్క అన్నది నిబంధన. షికాగో వైట్ సాక్స్ జట్టులో కొందరు ఆటగాళ్లు కలిసి పరీక్షకు వెళ్లకూడదనుకున్నారు. దాచుకోవడానికి ఏదో ఉందని కాదు. తమ పేర్లూ దొరికినవాళ్ల లెక్కలో పడితే ఐదు శాతం దాటుతుందని, పరీక్షలు శాశ్వతంగా వస్తాయని! చివరికి సంఘం సర్దిచెప్పడంతో వెనక్కి తగ్గారు. కానీ అప్పటిదాకా ఎవరికీ కనిపించని ఓ మనిషి ఆ క్షణంలో కనిపించాడు. మందు ముట్టనివాడు.

అతని కష్టం అర్థం కావాలంటే డబ్బు లెక్క చూడాలి. 2003లో మేజర్ లీగ్‌లో కనీస జీతం ఏడాదికి 3 లక్షల డాలర్లు. మైనర్ లీగ్ అడుగు మెట్టులో నెలకు వెయ్యి డాలర్లు, కాస్త అటూ ఇటూగా. అదీ సీజన్ నడిచే నెలల్లోనే. ఈ రెంటి మధ్యా ఉన్నది సన్నటి గోడ. జట్టులో 25వ చోటు కోసం ఇద్దరు పోటీపడుతున్నారు. ఒకడు సూది వేసుకున్నాడు, ఇంకొకడు వేసుకోలేదు. చోటు ఎవరికి దక్కుతుంది? ఓడినవాడి పేరు ఏ పత్రికలోనూ రాదు. ఊరెళ్లి ఇంకో పని చూసుకుంటాడు. స్టెరాయిడ్ల కథలో నష్టపోయిన ఆ మనిషికి ఏ రికార్డు పుస్తకంలోనూ పేజీ లేదు.

2003 నవంబరులో ఫలితం వచ్చింది. 1,438 పరీక్షల్లో ఐదు నుంచి ఏడు శాతం దాకా దొరికాయి. తలుపు తెరుచుకుంది.

పది... యాభై... ఎనభై

2004లో మొదటి శిక్ష ఏమిటంటే- శిక్ష లేకపోవడమే. మొదటిసారి దొరికితే గుట్టుగా చికిత్సకు పంపేవారు. ఐదుసార్లు దొరికితేనే ఏడాది నిషేధం! నవ్వులపాలవడంతో 2005 జనవరిలో మార్చారు. మొదటిసారికి పది రోజులు, తర్వాత 30, 60, నాలుగోసారికి ఏడాది. పామైరో దొరికింది ఆ నిబంధనల కిందే. కాంగ్రెస్ విచారణ తర్వాత, మీరు మార్చకపోతే మేమే చట్టం చేస్తామని ప్రతినిధులు కన్నెర్రజేశారు. దాంతో అదే ఏడాది నవంబరులో 50 మ్యాచ్‌లు, 100 మ్యాచ్‌లు, ఆపైన జీవితకాల నిషేధం అన్న మూడు మెట్ల నిచ్చెన వచ్చింది.

నిచ్చెన ఎత్తు పెరిగితే దొంగలు తగ్గుతారా? వాళ్లూ తెలివి మీరారు. కాలిఫోర్నియాలోని బాల్కో అనే సంస్థ, పరీక్షకు చిక్కని టీహెచ్‌జీ అన్న స్టెరాయిడ్‌ని క్రీడాకారులకు అందించింది. 2003లో ఓ అథ్లెటిక్స్ కోచ్ వాడేసిన సిరంజిని అధికారులకు పంపితేగానీ అందులో ఏముందో లాస్‌ఏంజెలిస్ ప్రయోగశాల కనిపెట్టలేకపోయింది. ఆ కేసులో బాండ్స్ పేరూ వినిపించింది. తెలిసి వాడలేదన్నాడు. న్యాయానికి అడ్డుపడ్డాడని 2011లో పడిన తీర్పు 2015లో కొట్టుడుపోయింది. మేజర్ లీగ్ పరీక్షలో స్టెరాయిడ్‌కి దొరికి అతను శిక్ష అనుభవించింది ఎన్నడూ లేదు.

2007 డిసెంబరు 13న మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్ 409 పేజీల నివేదిక ఇచ్చాడు. 89 మంది ఆటగాళ్ల పేర్లు. మచ్చలేని జట్టు ఒక్కటీ లేదు. తప్పు ఆటగాళ్లదే కాదు, కమిషనర్లు, యజమానులు, సంఘం- అందరిదీ అన్నాడాయన.

డబ్బాలో 44 గంటలు

శిక్ష పెద్దదయ్యేకొద్దీ పరీక్ష కూడా అంత పకడ్బందీగా ఉండాలి. ఆటగాడు ఒక అధికారి చూస్తుండగా సీసాలో మూత్రం పోయాలి. దాన్ని రెండుగా చేసి సీలు వేస్తారు. మొదటిది దొరికితే రెండోదీ పరీక్షిస్తారు. ఎక్కడ చిన్న పొరపాటు జరిగినా కేసు నీరుగారుతుంది.

2011లో నేషనల్ లీగ్ అత్యుత్తమ ఆటగాడు, మిల్వాకీకి చెందిన రయాన్ బ్రాన్ విషయంలో అదే జరిగింది. నమూనాలో టెస్టోస్టెరాన్ దొరికింది. కానీ శనివారం సాయంత్రం తీసుకున్న ఆ నమూనాను సేకరించిన ఉద్యోగి సోమవారం దాకా ఇంట్లో ఉంచాడు. 44 గంటలు! సీలు చెక్కుచెదరలేదు. అయినా నిబంధన ప్రకారం వెంటనే పంపలేదన్న వాదనతో 2012 ఫిబ్రవరిలో మధ్యవర్తి శిక్షను కొట్టేశాడు. బ్రాన్ విలేఖరుల ముందు తాను నిర్దోషినన్నాడు, ఆ ఉద్యోగి మీద అనుమానాలు కలిగేలా మాట్లాడాడు.

మరుసటి ఏడాదే గుట్టురట్టయింది. ఫ్లోరిడాలో బయోజెనెసిస్ అనే క్లినిక్ రికార్డులు బయటికొచ్చాయి. బ్రాన్ తప్పు ఒప్పుకుని 65 మ్యాచ్‌లు కోల్పోయాడు. 2013 ఆగస్టు 5న ఒక్కరోజే 13 మంది మీద వేటు. వాళ్లలో న్యూయార్క్ యాంకీస్ తార అలెక్స్ రోడ్రిగెజ్‌కు అత్యధికంగా 211 మ్యాచ్‌లు. మధ్యవర్తి దాన్ని 162కి తగ్గించాడు. 2014 సీజనంతా పోయింది. 2 కోట్ల డాలర్లకు పైగా జీతం ఆవిరైంది. చాలామంది పరీక్షలో దొరికినవాళ్లు కాదు, కాగితాల్లో దొరికినవాళ్లు. మూత్రపరీక్ష ఒక్కటే చాలదని ఆ క్లినిక్ రుజువు చేసింది.

శిక్ష పడ్డా లాభమేనా?

ఆ 13 మందిలో డెట్రాయిట్ ఆటగాడు జానీ పెరాల్టా ఒకడు. 50 మ్యాచ్‌ల శిక్ష పూర్తిచేశాడు. ఆ నవంబరులోనే సెయింట్ లూయిస్ జట్టు అతనితో నాలుగేళ్లకు 5 కోట్ల 30 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకుంది!

అదిగో, అప్పుడు మండింది తోటి ఆటగాళ్లకు. యజమానులే మోసాన్ని ప్రోత్సహిస్తున్నారంటూ పిచర్ బ్రాడ్ జీగ్లర్ ట్విటర్‌లో బాహాటంగా విమర్శించాడు. ఒకప్పుడు పరీక్షే వద్దన్న సంఘం, సభ్యుల ఒత్తిడితో ఇంకా గట్టి శిక్షలకు సై అంది. 2014 మార్చిలో ఇప్పటి నిచ్చెన వచ్చింది. 80, 162, జీవితకాలం. శిక్ష పడిన ఏడాది జట్టు ఫైనల్ పోటీలకు వెళ్లినా అతను ఆడకూడదు. సీజన్ మధ్యలో చేసే మూత్రపరీక్షలు 1,400 నుంచి 3,200కు పెరిగాయి. మూత్రంలో చిక్కని గ్రోత్ హార్మోన్ కోసం రక్తపరీక్షలు అంతకుముందే మొదలయ్యాయి. కావాలని వాడలేదని రుజువు చేసుకుంటే కొన్ని పదార్థాల విషయంలో శిక్ష తగ్గించే వీలూ పెట్టారు.

అంటే వైట్ సాక్స్ కుర్రాళ్లు 2003లో అడగబోయి ఆగిపోయిన మాటను పదకొండేళ్ల తర్వాత సంఘమే అడిగింది. పైవాళ్లు రుద్దిన నిబంధనకు లేని బలం, తోటివాడు కోరుకున్న నిబంధనకు ఉంటుంది.

అయినా ఆశ చావలేదు. న్యూయార్క్ మెట్స్ పిచర్ హెన్రీ మెహియా 2015లో రెండుసార్లు, ఆపైన మూడోసారీ దొరికి 2016 ఫిబ్రవరిలో జీవితకాల నిషేధానికి గురైన మొదటి ఆటగాడయ్యాడు. తర్వాత 2018లో షరతులతో ఆ నిషేధం ఎత్తేశారు. 2018లో ఓసారి శిక్ష పడ్డ రాబిన్సన్ కానో రెండోసారి దొరికి 2021 సీజన్‌నీ 2 కోట్ల 40 లక్షల డాలర్ల జీతాన్నీ పోగొట్టుకున్నాడు. 34 కోట్ల డాలర్ల ఒప్పందం చేతిలో ఉన్న యువతార ఫెర్నాండో టాటిస్ జూనియర్ 2022 ఆగస్టులో దొరికి, తామరకు వాడిన మందులో ఆ పదార్థం ఉందన్నాడు. 80 మ్యాచ్‌లు తప్పలేదు. అదే ఏడాది మొదట్లో మరో సంగతి బయటపడింది. యజమానులకూ సంఘానికీ ఒప్పందం ముగిసి లాకౌట్ నడిచినన్నాళ్లూ స్టెరాయిడ్ పరీక్షలు ఆగిపోయాయి. ఈ పరీక్ష ప్రభుత్వ చట్టంతో నడిచేది కాదు. రెండు పక్షాల సంతకాలు ఉన్నంతవరకే దానికి ఊపిరి.

నక్షత్రం గుర్తున్న బంతి

మ్యాచ్‌ల్లో కొలవలేని శిక్ష ఇంకొకటుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. అందులో చోటంటే ఆటగాడికి జన్మ ధన్యమైనట్టే. విలేఖరుల ఓట్లలో 75 శాతం రావాలి. 762 హోమ్ రన్‌లు కొట్టిన బాండ్స్‌కి పదో, చివరి ప్రయత్నంలో, 2022లో వచ్చింది 66 శాతం. పామైరో అయితే 2014లోనే ఐదు శాతం కూడా రాక జాబితా నుంచే జారిపోయాడు. ఆ కాలమంతా కమిషనర్ కుర్చీలో ఉన్న బడ్ సెలిగ్‌కు మాత్రం 2017లో అక్కడ చోటు దక్కింది. మౌనంగా ఉన్నందుకు ఏ నిచ్చెనలోనూ శిక్ష లేదు కదా!

బాండ్స్ 2007లో హాంక్ ఆరన్ రికార్డును దాటుతూ కొట్టిన 756వ హోమ్ రన్ బంతి మాత్రం అదే మ్యూజియానికి చేరింది. దాన్ని కొన్న మార్క్ ఎకో అనే డిజైనర్ ఏం చేయాలో చెప్పమని జనాన్ని ఓటు అడిగాడు. వాళ్లు చెప్పినట్టే దాని మీద నక్షత్రం గుర్తు ముద్రించి ఇచ్చాడు. పుస్తకాల్లో అనుమానం ఉన్నచోట పెట్టే గుర్తు అది.

2005 మార్చి 17న ఆ కమిటీ గదిలో పామైరో వేలెత్తడానికి ముందే కొందరు తల్లిదండ్రులు మాట్లాడారు. కెమెరాలు ఎదురుచూస్తున్నది వాళ్ల కోసం కాదు. ఒక తండ్రి టెక్సాస్ నుంచి వచ్చాడు. హైస్కూలు జట్టులో పిచర్‌గా ఆడే పదిహేడేళ్ల కొడుకు, ఒళ్లు ఇంకా పెంచాలన్న మాట విని స్టెరాయిడ్లు మొదలెట్టాడు. ఇంట్లో తెలిసి ఆపాక కుంగిపోయి, 2003 జులైలో ప్రాణం తీసుకున్నాడు. హీరోలు ఏం చేస్తే పిల్లలు అదే చేస్తారని ఆ తండ్రి చెప్పాడు. తర్వాత ఆయన కొడుకు పేరిట ఓ సంస్థ పెట్టి, స్కూళ్లు తిరిగి పిల్లలకు ఈ మందుల గురించి చెప్పడమే పనిగా పెట్టుకున్నాడు.

ఆ పదిహేడేళ్ల కుర్రాడికి 1998 వేసవిలో పన్నెండేళ్లు. అమెరికాలో ఆ ఈడు పిల్లలంతా టీవీల ముందు కూర్చుని హోమ్ రన్‌లు లెక్కపెట్టుకున్న వేసవి అది.